లూయీ పాశ్చరు – ద్రాక్షతోట నుండి వెలసిన విజ్ఞానము

ఫ్రాన్సు దేశమునకు తూర్పుదిక్కున జూరా పర్వతపంక్తి గలదు. ఆ కొండల పాదములయందున్న ఆర్బువా యను చిన్న పట్టణము ద్రాక్షతోటలకును, ద్రాక్షాసవమునకును బహుకాలముగా ప్రసిద్ధి వడసినది. ఆ పట్టణమున పెరిగి, అచ్చటి ద్రాక్షపండు నుండియే తన విద్యకంతకును బీజమును గ్రహించి, స్ఫటికముల నిర్మాణమును, పులియుటయందలి రహస్యమును, తుదకు అంటురోగముల మూలకారణమును వరుసగా కనుగొన్న మహనీయుడు లూయీ పాశ్చరు. పిచ్చికుక్క కాటునకు మందు కనిపెట్టినవాడని అతని పేరు పల్లెటూళ్లయందును వినబడుచుండును గాని, ఆ మందు నొద్దకు అతడు నడచిన దారి ద్రాక్షతొట్టి యడుగున పేరుకొన్న గారనొద్ద మొదలైనదని యెరిగినవారు కొలదిమందియే.

పాశ్చరు 1822 వ సంవత్సరము డిసెంబరు 27 వ తేదీన దోల్ అను పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ జోసెఫ్ పాశ్చరు నెపోలియను చక్రవర్తి సైన్యమున పనిచేసి, యుద్ధములు ముగిసిన పిమ్మట కులవృత్తియగు తోళ్లు ఊను పనిని చేపట్టెను. కొలదికాలమునకే కుటుంబము ఆర్బువా చేరినది. తండ్రి స్వయముగా చదివినది స్వల్పము. అయినను పగలెల్ల తోళ్లతో పాటుపడి, రాత్రివేళ పుస్తకము ముందుంచుకొని తనంతట తాను నేర్చుకొను స్వభావము గలవాడు. కుమారుడు ఆ పట్టణపు పాఠశాలలో ఉపాధ్యాయుడైన చాలునని ఆయన కోరిక.

బాల్యమున లూయీ అసాధారణ మేధావి యని యెవరును భావింపలేదు. రంగుసుద్దలతో తలిదండ్రుల రూపములను, ఇరుగుపొరుగువారి రూపములను చక్కగా చిత్రించుటయందు మాత్రము అతనికి నేర్పు గలదు. కంటితో చూచినదానిని పొల్లుపోకుండ పట్టుకొను ఆ శక్తియే పిదప అతని జీవితమును మలుపు త్రిప్పినది. 1838 లో చదువునకై పారిసునకు పంపగా, ఇంటిపై బెంగచే నిలువలేక తిరిగి వచ్చెను. తరువాత బెజాన్సో పట్టణమున చదివెను. 1842 లో ఇచ్చిన పట్టములో రసాయనశాస్త్రమున అతనికి సామాన్యమైన గణనయే లభించెను. ఆ సంవత్సరమే పారిసులోని ఎకోల్ నార్మాల్ అను ఉపాధ్యాయ విద్యాలయమునకు ఎన్నికైనను, తనకు వచ్చిన స్థానము తక్కువయని తృప్తినొందక, మరియొక యేడు కష్టించి చదివి, 1843 లో పైస్థానముతో ప్రవేశించెను. దొరికినదానితో సరిపెట్టుకొనని ఈ గుణము కడవరకు అతనిని విడువలేదు.

ద్రాక్షాసవము పులియునట్టి తొట్ల అడుగునను ప్రక్కలను ఉప్పువంటి గార గట్టిగా పేరుకొనును. దానినుండి తీయబడునది టార్టారిక్ ఆమ్లము. చింతపండునకు ఆ గాఢమైన పులుపు నిచ్చునదియు ఈ ఆమ్లమే. 1820 ప్రాంతమున ఆల్సేసు సీమలోని తాన్ అను ఊరి కర్మాగారమున, అచ్చముగా దీనినే పోలిన వేరొక ఆమ్లము బయల్పడెను. లాటిను భాషలో ద్రాక్షగుత్తికి గల పేరును బట్టి దీనికి రసీమిక్ ఆమ్లమని పేరిడిరి. రెంటియందును ఉన్న పదార్థములు ఒకటే. వాని పాళ్లును ఒకటే. కాని వెలుగు విషయమున మాత్రము రెంటికిని పొత్తు కుదురలేదు.

సామాన్యమైన వెలుగు తన దారికి అడ్డముగా అన్ని దిక్కులకును ఊగుచు ప్రసరించును. కొన్ని స్ఫటికముల గుండ పోనిచ్చినచో అది ఒక్క దిక్కుననే ఊగు వెలుగుగా మారును. దీనిని ధ్రువిత కాంతి యందురు. టార్టారిక్ ఆమ్లపు ద్రావణము గుండ ఈ కాంతిని పంపినచో ఆ ఊగుదల కుడివైపునకు తిరుగును. రసీమిక్ ఆమ్లపు ద్రావణమున ఎటును తిరుగదు. ఈ రెండు ఆమ్లముల లవణములు మరి యన్ని విధముల సమానములై యుండ, వెలుగు నొద్ద మాత్రము ఏల భేదించుచున్నవని జర్మను పండితుడు మిట్షర్లిఖ్ 1844 లో ప్రకటించి యూరకుండెను. విద్యార్థిగా నున్న పాశ్చరు మనస్సున ఆ ప్రశ్న ముల్లువలె నాటుకొన్నది.

1848 లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, ఆ లవణపు స్ఫటికములను అతడు భూతద్దము క్రింద పరీక్షింప మొదలిడెను. ప్రతి స్ఫటికమునకును ఒక మూల చిన్న పలక యున్నది. కొన్నిటి పలక కుడివైపునకును, కొన్నిటి పలక ఎడమవైపునకును ఒరిగి యున్నవి. మన రెండు చేతులు ఒకదానినొకటి పోలియుండియు, కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టనట్లే, ఆ రెండు రకములును అద్దములోని ప్రతిబింబముల వంటివి. అంతకుముందు పెద్దలెందరో చూచిన స్ఫటికములే యవి. అయినను చిత్రకారుని కన్ను గల యువకునికే ఆ భేదము కనబడినది. పాలను నీటిని వేరుచేయు హంస చందమున అతడు కుడివానిని, ఎడమవానిని ఒక్కొక్కటిగా చేతితో ఏరి, వేర్వేరుగా నీట కరగించి, వెలుగును పంపి చూచెను. ఒక ద్రావణము కుడికి త్రిప్పెను. రెండవది అంతే మేర ఎడమకు త్రిప్పెను. రెంటిని సమముగా కలిపినచో ఏ మార్పును లేదు. రసీమిక్ ఆమ్లమనునది కుడియెడమల సమభాగపు మిశ్రమమని ఇట్లు తేటపడినది.

ఈ వార్త బియో యను వృద్ధపండితుని చెవిని బడెను. ద్రవములు వెలుగును త్రిప్పు విషయమున ఆయనయే ఆద్యుడు, అప్పటికి డెబ్బదినాలుగేండ్లవాడు. యువకుని మాటను నమ్మక, తన యింటికే పిలిపించి, తానే పదార్థముల నిచ్చి, తన కన్నులయెదుటనే స్ఫటికములను ఏరించి, ద్రావణములను తానే కలిపి పరీక్షించెను. ఫలితము సత్యమని తేలిన నాటినుండి ఆయన పాశ్చరునకు తండ్రివంటివాడయ్యెను. కంటికి కనబడని అణువులకును ఒక ఆకృతి గలదని, ఆ ఆకృతిని వెలుగే చాటుచున్నదని లోకమున కీ పరీక్ష తెలియజేసెను. 1874 లో వాంట్ హాఫ్, లె బెల్ అనువారు కర్బన పరమాణువు నాలుగు దిక్కులకు చేతులు చాచియుండుటచే ఈ భేదము కలుగుచున్నదని వివరించిరి.

ఒక బూజు రసీమిక్ ఆమ్లపు లవణమున పెరుగునపుడు కుడివాటమును మాత్రము ఆహారముగా గొని ఎడమవాటమును విడుచుచున్నదని పాశ్చరు తరువాత కనుగొనెను. ప్రాణమున్న వస్తువులే ఇట్లు కుడియెడమల నెంచునని, ఈ పక్షపాతము జీవమునకు గుర్తు అని అతడు నిశ్చయించెను. ప్రాణులలోని మాంసకృత్తుల మూలద్రవ్యములు ఎడమవాటమునను, చక్కెరలు కుడివాటమునను ఉండుట ఇప్పుడు సర్వవిదితము. సృష్ట్యాదిని ఆ పక్షపాతము ఎట్లు కలిగెనో భౌతిక రసాయన శాస్త్రజ్ఞులు నేటికిని వెదకుచునే యున్నారు.

1849 లో స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయమున పనిచేయుచు అచ్చటి అధిపతి కుమార్తెయగు మారీ లోరాన్‌ను వివాహమాడెను. ఆ సాధ్వి భర్త చెప్పినదానిని వ్రాసికొనుచు, అతని పరిశోధనలయందు పాలుపంచుకొనుచు కడవరకు తోడునిలిచెను. 1854 లో లిల్ పట్టణమునకు బదిలీ కాగా, 1856 లో ఒక విద్యార్థి తండ్రి తన బీటుదుంపల సారాయి తొట్లు పులిసి చెడుచున్నవని మొరపెట్టుకొనెను. పాశ్చరు ఆ తొట్లలోని బొట్టును సూక్ష్మదర్శినితో పరికించెను. మంచి తొట్టిలో గుండ్రని ఈస్టు కణములు. చెడిన తొట్టిలో సన్నని వేరొక జాతి. పాలు తోడుకొనుటకు, కల్లు పులియుటకు, సారాయి చెడుటకు వేర్వేరు సూక్ష్మజీవులే కారణమని అతడు క్రమముగా నిరూపించెను. అప్పటివరకు పులియుట కేవలము పదార్థము కుళ్లి విడిపోవుటయే గాని జీవుల పని కాదని జర్మనీలో లీబిగ్ మొదలగు ఘనులు చెప్పుచుండిరి.

ఆ సూక్ష్మజీవులు తమంతట తామే కషాయములలో పుట్టుచున్నవని కొందరు వాదింపగా, 1860 లో పాశ్చరు కాచిన కషాయమును నింపి మూసిన సీసాలను గొని పోయి వేర్వేరు ఎత్తులలో తెరచి మరల మూసెను. ఆర్బువా సమీపపు పల్లమున తెరచిన యిరువదింటిలో ఎనిమిది చెడినవి. పుపే కొండమీద తెరచిన యిరువదింటిలో ఐదు. మంచుకొండపై తెరచిన యిరువదింటిలో ఒక్కటి. గాలిలోని ధూళితోనే బీజములు వచ్చుచున్నవని దీనిచే తేలినది. హంస మెడవలె వంచిన గొట్టము గల సీసాలలో, గాలి సోకినను ధూళి చేరక, కషాయము చెడకయే నిలిచెను.

ఆ కాలమున ఫ్రాన్సు నుండి ఎగుమతియగు ద్రాక్షాసవము దారిలో పులిసియు, చేదెక్కియు, జిగురుగట్టియు చెడుచుండెను. మూడవ నెపోలియను చక్రవర్తి కోరిక మేరకు పాశ్చరు తన ఆర్బువాకే వచ్చి, అచ్చటనే పరిశోధనశాల నేర్పరచుకొని, ఒక్కొక్క దోషమునకు ఒక్కొక్క సూక్ష్మజీవి కారణమని కనుగొనెను. గాలి తగులకుండ 50 నుండి 60 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కొంతసేపు వేడిచేసినచో ఆ జీవులు నశించి, రుచి చెడకయే ఆసవము నిలువ యుండునని చూపెను. 1865 లో ఈ పద్ధతికి పేటెంటు పొందెను గాని దానిపై ధనము గడింపక సర్వజనులకును విడిచిపెట్టెను. నేడు పాలకేంద్రములలో పాలను 63 డిగ్రీల వేడిని అరగంటయో, 72 డిగ్రీల వేడిని పదునైదు సెకండ్లో ఉంచి చల్లార్చు పద్ధతికి అతని పేరే నిలిచినది.

అతని గృహమున ఆ సంవత్సరములే దుఃఖకాలము. ఐదుగురు సంతానములో జాన్ అను పెద్దకుమార్తె 1859 లో సన్నిపాతజ్వరముచే ఆర్బువాలోనే మరణించెను. 1865 లో రెండేండ్ల కామీల్, 1866 లో పండ్రెండేండ్ల సెసీల్ గతించిరి. ఆ దుఃఖమును దిగమ్రింగుచునే అతడు దక్షిణ ఫ్రాన్సున పట్టుపురుగుల తెగులుపై పనిచేయుచుండెను. 1868 అక్టోబరున పక్షవాతము వచ్చి ఎడమచేయి, ఎడమకాలు చచ్చుపడినవి. అప్పటికి అతనికి నలువదియైదేండ్లు. అయినను పని మానలేదు. గ్రుడ్లు పెట్టిన తల్లిచిలుకను నలిపి సూక్ష్మదర్శినితో చూచి, తెగులు గుర్తులున్నచో ఆ గ్రుడ్లను పారవేయవలెనని అతడు నేర్పిన పద్ధతి నేటికిని గ్రుడ్లు సిద్ధపరచు కేంద్రములలో నడచుచున్నది. హిందూపురము, మదనపల్లె ప్రాంతములలో పట్టుపురుగులను పెంచు రైతులకు సయితము ఆ ఋణమున పాలు గలదు.

1874 లో పాశ్చరు ఆర్బువా సమీపమున ఒక చిన్న ద్రాక్షతోటను కొనెను. నాలుగేండ్లకు ఆ తోటయే అతని సిద్ధాంతమునకు పరీక్షాస్థలమయ్యెను. శరీరశాస్త్రమున అద్వితీయుడగు క్లోద్ బెర్నార్ అతని ప్రియమిత్రుడు. ఆయన 1878 ఫిబ్రవరిలో మరణింపగా, ఆయన మేజాబల్లలో దొరికిన కాగితములను బెర్తలో అను రసాయనికుడు ఆ జులైలో ప్రచురించెను. పండురసమునందే పులియజేయు శక్తి గలదు గాని దానికి ఈస్టు జీవము అవసరము లేదని వానియందు వ్రాసియుండెను. బ్రదికినంతకాలము తన్ను ప్రశంసించిన మిత్రుడు మరణానంతరము తన్ను ఖండించినట్లయ్యెను. పాశ్చరు మనస్సు మిక్కిలి కలతనొందెను. చనిపోయినవానితో వాదించుట యెట్లు? మాటలతో వాదింపక ద్రాక్షతీగలనే సాక్ష్యమడుగ నిశ్చయించెను.

వెంటనే గాజుటిండ్లను చేయించి, ఆగస్టు మొదటి దినములలో, కాయలు ఇంకను పచ్చిగా నుండగనే, కొన్ని తీగలపై నిలిపించెను. ఆ దశలో కాయలపై ఈస్టు లేదని ముందుగానే పరీక్షించుకొనెను. లోపలి గుత్తులలో కొన్నింటికి వేడిచేసి శుద్ధిపరచిన దూదిని చుట్టించెను. అక్టోబరు నాటికి లోపలి పండ్లును, వెలుపలి పండ్లును సమముగా పక్వమైనవి. వెలుపలి పండ్లను నలిపి యుంచగా కొలది దినములలో పులిసినవి. గాజుటింటిలోని పండ్ల రసము ఎన్ని దినములకును పులియలేదు. గాజుటింటి గుత్తులను కొన్నిటిని తెచ్చి బయటి తీగలకు వ్రేలాడదీయగా అవియును పిదప పులిసినవి. పండు ఒకటే, రసము ఒకటే. వెలుపలినుండి వచ్చి తొక్కను పట్టిన జీవమే భేదమునకు కారణమని తేలెను. పాశ్చరు ఆ గుత్తులను పారిసునకు గొనిపోయి తోడి పండితుల యెదుట నుంచి, ఎవరికి వారే పరీక్షించుకొనుడని కోరెను.

ఈ వివాదమునకు కాలము మరియొక తీర్పును చేర్చినది. 1897 లో జర్మనీలో బుఖ్నర్ అను శాస్త్రజ్ఞుడు ఈస్టును నూరి, పిండి, జీవములేని ఆ రసముచేతనే చక్కెరను పులియజేసెను. ఈస్టు లేక పులియుట లేదని పాశ్చరు చెప్పినది నిజము. జీవమునుండి వేరుపడియు పనిచేయగల పదార్థము గలదని బెర్నార్ ఊహించినదియు వ్యర్థము కాదు. ఈస్టు శీతకాలమున కందిరీగల కడుపున దాగి, మరుసటి యేట పండ్లకు చేరుచున్నదని ఇటీవలి పరిశోధకులు కనుగొనిరి.

ఆసవమునకు రోగము సూక్ష్మజీవిచే వచ్చినచో, మనుష్యునకును పశువునకును అట్లే యేల రాగూడదు? ఈ ప్రశ్నయే అతనిని వైద్యమునకు గొనిపోయెను. అతడు వైద్యుడు కాడు. అయినను కోళ్ల కలరా బీజములు పాతబడినచో బలహీనపడి, చంపుటకు మారుగా రక్షణ నిచ్చునని 1880 నాటికి తెలిసికొనెను. హాలాహలము వెలువడిన సముద్రముననే అమృతమును పుట్టినట్లు, రోగమిచ్చు బీజమునుండియే రక్షణ లభించినది. 1881 మే నెలలో పుయీ లె ఫోర్ అను పల్లెలో, పశువుల దొమ్మరోగమునకు సంబంధించి బహిరంగ పరీక్ష జరిపెను. ఇరువదినాలుగు గొఱ్ఱెలకు, ఒక మేకకు, ఆరు పశువులకు టీకా వేసి, మరియొక యిరువదినాలుగు గొఱ్ఱెలను, ఒక మేకను, నాలుగు పశువులను టీకా లేకయే యుంచి, అన్నిటికిని రోగబీజము నెక్కించెను. జూను 2 వ తేదీన జనులు గుమిగూడి చూడగా, టీకా పొందినవి నిలిచియుండెను. టీకా లేని గొఱ్ఱెలును మేకయు ఆ సాయంకాలమునకే కూలినవి.

ఈ విజయమున ఒక మచ్చయు గలదు. పాశ్చరు చేతివ్రాత పుస్తకములు 1964 లో అతని మనుమనిచే ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయమునకు ఒసగబడి, పిదప పండితుల పరిశీలనకు వచ్చినవి. ఆ పరీక్షలో వాడిన టీకా లోకము నమ్మినట్లు గాలిచే బలహీనపరచినది కాదని, సహాయకుడగు షాంబెర్లాన్ రసాయనద్రవ్యముచే సిద్ధపరచినదని వానివలన తెలిసినది. ఘనుని లెక్కపుస్తకమున నున్నదియు తరువాతివారు సరిచూడవలసినదే. అట్లు సరిచూచినను అతని కీర్తి తరుగలేదు. చరిత్ర మాత్రము నిజమునకు దగ్గరయైనది.

1885 జులై 6 వ తేదీన ఆల్సేసు నుండి తొమ్మిదేండ్ల జోసెఫ్ మెయిస్టరును అతని తల్లి తోడ్కొని వచ్చెను. పిచ్చికుక్క ఆ బాలుని అనేక చోట్ల కరచియుండెను. రోగముతో చచ్చిన కుందేళ్ల వెన్నుపామును ఆరబెట్టి బలహీనపరచిన మందు అప్పటికి కుక్కలపైననే పరీక్షింపబడినది. ఆ పరీక్షలును పూర్తి కాలేదని తరువాతి చరిత్రకారులు చూపిరి. మందు ఇచ్చినచో ఏమగునో! ఈయకున్నచో బాలునికి ఘోరమరణము సంభవింపవచ్చును. పాశ్చరు పెద్ద వైద్యుల నాలోచన అడిగి, వైద్యుడగు గ్రాన్షే చేత పది దినములలో పదుమూడు సూదులు వేయించెను. ఆ రాత్రులు అతనికి నిద్ర లేదు. బాలుడు బ్రదికెను. అక్టోబరున, తోడి పిల్లలను కాపాడబోయి కుక్కకాటునకు గురియైన జుపీల్ అను పసులకాపరి బాలుడును అట్లే దక్కెను. ఆ రోగబీజము అతనికి సూక్ష్మదర్శినిలో ఎన్నడును కనబడలేదు. అంత సూక్ష్మమైన వైరసులను చూచు యంత్రము పుట్టుటకు మరి యేబదియేండ్లు పట్టినది.

దేశదేశముల ధనికులును పేదలును ఇచ్చిన చందాలతో పారిసున పాశ్చరు సంస్థ నిర్మింపబడి 1888 నవంబరు 14 వ తేదీన ప్రారంభమయ్యెను. ఆ బాలుడు మెయిస్టరు పెద్దవాడై ఆ సంస్థ ద్వారమునొద్దనే కావలి ఉద్యోగము చేసెను. అచ్చట పనిచేసిన హాఫ్‌కిన్ కలరా టీకాతో 1893 లో మన దేశమునకు వచ్చెను. 1900 లో కసౌలియందును, 1907 లో నీలగిరులలోని కూనూరునందును పాశ్చరు పేర సంస్థలు వెలసినవి. కోస్తా జిల్లాలును రాయలసీమయు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే గనుక, కూనూరు పేరు కుక్కకాటు పొందినవారికి ఆశాస్థానమయ్యెను.

1892 డిసెంబరు 27 వ తేదీన, డెబ్బది యేండ్లు నిండిన నాడు, పారిసులోని సార్బాను మందిరమున అతనికి మహోత్సవము జరిగెను. శస్త్రచికిత్సలో క్రిమిసంహారమును నెలకొల్పిన ఇంగ్లీషు వైద్యుడు లిస్టరు వచ్చి సన్మానించెను. పాశ్చరు గొంతు బలహీనమై యుండుటచే అతని ప్రసంగమును కుమారుడు చదివెను. 1895 సెప్టెంబరు 28 వ తేదీన పారిసు సమీపమున అతడు కన్నుమూసెను.

అతని దేహము సంస్థయందలి నేలమాళిగలో నిక్షిప్తమై యున్నది. ఆ గోడలపై రంగురాళ్లను పొదిగి అతని పనులను చిత్రించిరి. అందు గొఱ్ఱెలు, కోళ్లు, కుక్కలు, మల్బరీ ఆకులు గలవు. వానితోపాటు, మొదటి స్ఫటికము నొసగిన ద్రాక్షతీగయు గుత్తులతో వ్రాలియున్నది.